ఏడాది చివర వెయ్యి డాలర్లు పెట్టి గోల్డ్ స్టేటస్ తెచ్చుకోవడం లాభమేనా?

ముందుగా మీరు అడిగినదాన్ని నేను ఎలా అర్థం చేసుకున్నానో చెబుతాను. పొరపాటు ఉంటే సరిదిద్దండి. మీరు హ్యూస్టన్‌లో ఉంటూ ప్రాజెక్టు పని మీద నెలకు దాదాపు రెండుసార్లు న్యూవార్క్ వెళ్లి వస్తున్నారు. తరచుగా తిరిగేవారి కోసం యునైటెడ్ ఎయిర్‌లైన్స్ నడిపే మైలేజ్‌ప్లస్ పథకంలోని మీ ఖాతాలో ఈ 2025 నవంబరు మూడో వారానికి 24 ఫ్లైట్లు, 7,800 పాయింట్లు (పన్నులు తీసేసిన టికెట్టు ధరలో డాలరుకు ఒకటి) జమయ్యాయి, సభ్యుల స్థాయులలో మొదటిదైన సిల్వర్ స్టేటస్ ఎప్పుడో వచ్చేసింది. డిసెంబరులో ఆఫీసు ఖర్చు మీద ఇంకో రెండు ప్రయాణాలు ఉన్నాయి కాబట్టి ఏడాది ముగిసేసరికి 28 ఫ్లైట్లు, సుమారు 9,100 పాయింట్లు అవుతాయి. దాని పై స్థాయి గోల్డ్ రావాలంటే 2025 లెక్క ప్రకారం 30 ఫ్లైట్లతో పాటు 10,000 పాయింట్లు ఉండాలి, లేదా 30 ఫ్లైట్లు లేకపోయినా 12,000 పాయింట్లు ఉండాలి. మీకు తక్కువపడుతున్నవి రెండు ఫ్లైట్లు, 900 పాయింట్లు. అందుకని డిసెంబరులో ఒక వారాంతం, అక్కడ ఏ పనీ లేకపోయినా, సొంత డబ్బుతో లాస్ ఏంజెలెస్‌కు ఫస్ట్ క్లాసులో వెళ్లి వద్దామని అనుకుంటున్నారు. పన్నులతో కలిపి వెయ్యి డాలర్లు అవుతుందని రాశారు. ప్రాజెక్టు వచ్చే మార్చితో ముగుస్తుందనీ, జూన్‌లో భార్య, ఇద్దరు పిల్లలతో హైదరాబాద్ వెళ్లాలని ఉందనీ కూడా రాశారు.

నేను పదకొండేళ్లు కన్సల్టింగ్ ఉద్యోగంలో ప్రతి సోమవారం తెల్లవారకముందే ఇంటి నుంచి బయలుదేరి గురువారం రాత్రి తిరిగొచ్చినవాణ్ణి. రెండు వేర్వేరు ఎయిర్‌లైన్స్‌లో పై స్థాయి స్టేటస్ చాలా ఏళ్లు నా దగ్గర ఉంది. మీరు ఇప్పుడు ఆలోచిస్తున్న పనిని నేను రెండు డిసెంబర్లలో చేశాను. ఒకసారి లాభపడ్డాను, ఒకసారి నష్టపోయాను. ఆ రెండింటి మధ్య తేడా ఎక్కడుందో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. నా సమాధానం ఇప్పుడే చెప్పేస్తాను: మీరు చెప్పిన పరిస్థితిలో ఆ వెయ్యి డాలర్లు ఖర్చు పెట్టవద్దు. దీనికి ఒకే ఒక మినహాయింపు ఉంది, దాన్ని చివర్లో చెబుతాను.

స్టేటస్ విషయంలో మనందరం చేసే పొరపాటు ఏమిటంటే, గడిచిన ఏడాది ఎంత తిరిగామో చూసుకుని నిర్ణయం తీసుకుంటాం. ఇంత తిరిగాం, ఇంకొంచెం తిరిగితే చాలు, ఇంత దూరం వచ్చి వదిలేస్తామా అనిపిస్తుంది. కానీ స్టేటస్ గడిచిన ప్రయాణాల వల్ల వస్తుందే తప్ప గడిచిన ప్రయాణాలలో పనికిరాదు. అది పనికొచ్చేది రాబోయే ప్రయాణాలలో మాత్రమే. ఈ డిసెంబరులో మీరు గోల్డ్ అయితే అది 2027 జనవరి 31 వరకు ఉంటుంది. కాబట్టి వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఇప్పటి నుంచి ఆ తేదీ వరకు మీరు ఎన్నిసార్లు, ఎక్కడికి, ఏ విమానాలలో, ఎవరితో కలిసి ప్రయాణం చేయబోతున్నారు? మీ పాత 24 ఫ్లైట్లకు ఈ లెక్కలో చోటు లేదు.

నేను నష్టపోయిన డిసెంబరులో సరిగ్గా ఇక్కడే తప్పు చేశాను. పై స్థాయికి కొద్దిగా తక్కువపడిందని ఆరు వందల డాలర్లు సొంతంగా పెట్టి ఒక శనివారం దేశం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి ఆదివారం తిరిగొచ్చాను. ఫిబ్రవరిలో క్లయింటు ప్రాజెక్టును ఆపేశాడు. ఆ తరువాత వచ్చిన పని ఇంటి నుంచే చేసేది. ఆ ఏడాది మొత్తం మీద ఆ కార్డు పనికొచ్చింది మూడే మూడుసార్లు. లాభపడిన డిసెంబరులో మాత్రం పన్నెండు నెలల కాంట్రాక్టు అప్పటికే సంతకమై చేతిలో ఉంది, ఏ వారం ఏ ఊరికి వెళ్లాలో తెలుసు. పెట్టిన నాలుగు వందల యాభై డాలర్లు ఏప్రిల్ నాటికే తిరిగొచ్చాయి. రెండుసార్లూ నా ఖాతాలో అంకెలు ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. తేడా అంతా ముందున్న ఏడాదిలోనే ఉంది.

ఇక మీ లెక్కలోకి వస్తాను. మీకు సిల్వర్ ఇప్పటికే ఉంది కాబట్టి గోల్డ్ మొత్తం విలువను కాక, సిల్వర్ కంటే గోల్డ్ ఎంత ఎక్కువ ఇస్తుందన్నదాన్నే చూడాలి. దానికి ముందు మీ ప్రశ్నలో ఉన్న ఒక అపోహను తొలగించాలి. గోల్డ్ వస్తే రెండు వారాలకోసారి న్యూవార్క్‌లో తిరుగు ప్రయాణానికి ముందు లాంజ్‌లో, అంటే విమానాశ్రయంలో అర్హత ఉన్నవారికే తెరిచే విశ్రాంతి గదిలో, కూర్చుని పని చేసుకోవచ్చని రాశారు. అలా కుదరదు. యునైటెడ్ గోల్డ్ ఉన్నవారికి, యునైటెడ్ సభ్యురాలిగా ఉన్న స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్స్ కూటమి ఇచ్చే స్టార్ గోల్డ్ గుర్తింపు వస్తుంది, దానితో లాంజ్ ప్రవేశం కూడా వస్తుంది. అయితే యునైటెడ్ సొంత సభ్యులకు ఆ ప్రవేశం అంతర్జాతీయ ప్రయాణంలోనే వర్తిస్తుంది. కేవలం అమెరికా లోపల తిరిగే టికెట్టు మీద యునైటెడ్ క్లబ్ అనే ఆ సంస్థ లాంజ్‌లోకి రానివ్వరు. విచిత్రంగా, అదే కూటమిలోని మరో దేశపు ఎయిర్‌లైన్స్ ద్వారా స్టార్ గోల్డ్ సంపాదించినవారికి ఈ ఆంక్ష లేదు. నిత్యం దేశంలోపల తిరిగేవారిలో కొందరు తమ యునైటెడ్ ప్రయాణాలను వేరే సంస్థ ఖాతాలో జమ చేయించుకోవడానికి కారణం ఇదే. అయితే అలా చేసినవారు యునైటెడ్ ఇచ్చే ఉచిత అప్‌గ్రేడ్‌లను (పై తరగతి సీటుకు మార్చడాన్ని) వదులుకోవలసి వస్తుంది. మార్చిలో ముగిసిపోయే ప్రాజెక్టుకు ఆ మార్పు మీకు అవసరం లేదు.

లాంజ్‌ను పక్కన పెడితే, దేశంలోపలి ప్రయాణాలలో సిల్వర్‌కూ గోల్డ్‌కూ ఉన్న తేడా ముఖ్యంగా సీటు దగ్గర కనిపిస్తుంది. కాళ్లు చాపుకునే చోటున్న ఎకానమీ ప్లస్ సీటును సిల్వర్ సభ్యులు చెక్-ఇన్ సమయంలో, మిగిలి ఉంటేనే, ఉచితంగా తీసుకోవచ్చు. గోల్డ్ సభ్యులు టికెట్టు కొన్నప్పుడే తీసుకోవచ్చు, తమతో ఉన్న ఒకరికి కూడా తీసుకోవచ్చు. సోమవారం ఉదయం న్యూవార్క్ విమానంలో చెక్-ఇన్ సమయానికి సాధారణంగా మధ్య సీట్లే మిగులుతాయి కాబట్టి ఈ తేడా నిజమైనదేనని ఒప్పుకుంటాను. జనవరి నుంచి మార్చి వరకు మీకు ఆరు ప్రయాణాలు, అంటే పన్నెండు ఫ్లైట్లు ఉంటాయి. ఒక్కో ఫ్లైటుకు ఇరవై డాలర్ల సుఖం అనుకుంటే 240 డాలర్లు.

ఫస్ట్ క్లాసు అప్‌గ్రేడ్ విషయంలో మాత్రం మీ ఆశను కొంచెం తగ్గించుకోమని చెప్పక తప్పదు. సిల్వర్ పేర్లను ప్రయాణం రోజునే పరిశీలిస్తారు, గోల్డ్ పేర్లను 48 గంటల ముందు నుంచి, ప్లాటినం వారిని 72 గంటల ముందు నుంచి, ఆ పైన 1కె వారిని 96 గంటల ముందు నుంచి పరిశీలిస్తారు. హ్యూస్టన్, న్యూవార్క్ రెండూ యునైటెడ్‌కు ప్రధాన స్థావరాలు. ఈ రెండు ఊళ్ల మధ్య తిరిగే విమానంలో మీకన్నా పై స్థాయివారు ఒక వరుస నిండుగా ఉంటారు. దానికి తోడు, ఒకప్పుడు ఖాళీగా మిగిలి సభ్యులకు ఉచితంగా దక్కిన సీట్లను ఇప్పుడు సంస్థలు చివరి రోజుల్లో తక్కువ ధరకు అందరికీ అమ్మజూపుతున్నాయి. పన్నెండు ఫ్లైట్లలో సిల్వర్‌తో రానిది గోల్డ్‌తో ఒక్కసారి వస్తే అదృష్టమే. దానికి వంద డాలర్లు వేద్దాం. స్టేటస్ పాయింట్లు కాక, టికెట్లు కొనుక్కోవడానికి వాడుకునే మైళ్లు 2025 లెక్క ప్రకారం ఖర్చు చేసిన డాలరుకు సిల్వర్‌లో ఏడు, గోల్డ్‌లో ఎనిమిది వస్తాయి కాబట్టి మీ మూడు నెలల టికెట్ల మీద అదనంగా నాలుగు వేల మైళ్లు, అంటే నలభై యాభై డాలర్ల విలువ. అక్కడికి మొత్తం నాలుగు వందల డాలర్ల లోపే తేలింది.

మిగిలినదంతా జూన్ ప్రయాణం మీద ఆధారపడింది, అసలు కథ అక్కడే ఉంది కాబట్టి కాస్త ఆగి చూద్దాం. మీరు స్టార్ అలయన్స్ విమానాలలో, ఉదాహరణకు హ్యూస్టన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడి నుంచి లుఫ్తాన్సా 2024 జనవరిలో మొదలుపెట్టిన హైదరాబాద్ సర్వీసులో వెళ్తే, స్టార్ గోల్డ్ కార్డు మీద మీకు ఒక అదనపు సూట్‌కేసు, ముందుగా చెక్-ఇన్, ముందుగా బోర్డింగ్, లాంజ్ ప్రవేశం లభిస్తాయి. అయితే ఆ లాంజ్‌లోకి మీతో పాటు ఒక్కరినే తీసుకెళ్లవచ్చు. నిబంధన చదివినప్పుడు ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. నాకు దాని బరువు తెలిసింది ఒక యూరప్ విమానాశ్రయంలో తెల్లవారుజామున నాలుగున్నరకు. చిన్నవాడు నా భుజం మీద నిద్రపోతున్నాడు, పెద్దమ్మాయి రెండు సంచులు ఈడ్చుకుంటూ వస్తోంది, మా ఆవిడ కళ్లు తెరవలేకపోతోంది. లాంజ్ గుమ్మం దగ్గర కూర్చున్న ఆమె కార్డు చూసి, ఎంతో మర్యాదగానే, మీరూ ఇంకొకరూ లోపలికి రావచ్చని చెప్పింది. లోపలి నుంచి కాఫీ వాసన వస్తోంది. మా అమ్మాయి "నాన్నా, మరి నేనూ తమ్ముడూ?" అని అడిగింది. ఆ రోజు నలుగురం గేటు దగ్గర ఇనుప కుర్చీలలోనే కూర్చున్నాం. కుటుంబంతో వెళ్లేవారు లాంజ్ విలువను లెక్కించేటప్పుడు తమ ఇంట్లో ఎంతమంది ఉన్నారో ముందు లెక్కపెట్టుకోవాలని అప్పటి నుంచి అడిగిన ప్రతివారికీ చెబుతున్నాను. మీరు భార్యను, పిల్లల్ని ఇద్దరిద్దరుగా వంతులవారీగా పంపలేరు కూడా, ఎందుకంటే అతిథి సభ్యుడితోనే ఉండాలి.

అయినా ఉదారంగానే లెక్క వేద్దాం. వెళ్లేటప్పుడు రెండుచోట్ల, వచ్చేటప్పుడు రెండుచోట్ల లాంజ్ వాడుకున్నారనీ, ఇద్దరి భోజనానికి మనిషికి ఇరవై డాలర్లు మిగిలాయనీ అనుకుంటే 160 డాలర్లు. అదనపు సూట్‌కేసుకు ఒక్కో వైపు వంద డాలర్లు అనుకుంటే 200 డాలర్లు. లగేజీని నేను తేలిగ్గా తీసెయ్యను. హైదరాబాద్ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆవకాయ జాడీలు, కారప్పొడులు, అప్పడాలు, పిల్లల బట్టలు, చుట్టాలు ఇంకొకరికి అందజేయమని ఇచ్చిన పొట్లాలు అన్నీ కలిపి స్నానాల గదిలోని తూకం మిషను మీద సూట్‌కేసును మూడుసార్లు ఎక్కించి దింపే ఇళ్లు మనవి. అదనంగా 23 కిలోలు దొరకడం అంటే ఏమిటో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఆ అదనపు పెట్టె హక్కు కార్డు ఉన్నవారికే తప్ప కుటుంబంలో అందరికీ కాదన్నది గుర్తుంచుకోండి. ఇంకో విషయం, కొన్ని చవక టికెట్లలో అసలు పెట్టెల సంఖ్యే తగ్గించి అమ్ముతున్నారు కాబట్టి కొనేముందు టికెట్టు రకాన్ని తప్పక చూసుకోవాలి.

ఇప్పుడు మొత్తం కూడితే సుమారు 745 డాలర్లు వచ్చింది. పెట్టాలనుకున్నది వెయ్యి. ఇక్కడితో ఆగినా లెక్క మీకు వ్యతిరేకంగానే ఉంది. కానీ ఇక్కడితో ఆగకూడదు, ఎందుకంటే మీరే రాసిన ఇంకో వాక్యంలో దీనికన్నా పెద్ద నష్టం దాగి ఉంది. జూన్ తేదీలకు గల్ఫ్ మీదుగా వెళ్లే టికెట్లు మనిషికి 250 డాలర్లు తక్కువగా కనిపిస్తున్నాయనీ, గోల్డ్ వస్తే మాత్రం స్టార్ అలయన్స్‌లోనే వెళ్తామనీ అన్నారు. నలుగురికి 250 చొప్పున అంటే వెయ్యి డాలర్లు. 360 డాలర్ల విలువైన లాంజ్, లగేజీ సౌకర్యాలను వాడుకోవడానికి మరో వెయ్యి డాలర్లు కడతారన్నమాట. డిసెంబరులో పోయేది ఒక వెయ్యి, జూన్‌లో పోయేది ఇంకో వెయ్యి. స్టేటస్ వల్ల జరిగే అసలు నష్టం దాన్ని సంపాదించే రోజున జరగదు. చేతికి వచ్చాక, దాన్ని వృథా చేసుకోకూడదన్న ఆలోచనతో, ప్రతి టికెట్టుకూ యాభై, వంద, రెండు వందలు ఎక్కువ పెట్టి అదే సంస్థను పట్టుకు వేలాడడంలో జరుగుతుంది. ఆ చేతి చమురు ఎక్కడా ఒక పద్దుగా కనిపించదు కాబట్టి ఎవరూ లెక్క రాసుకోరు. నేనూ చాలా ఏళ్లు రాసుకోలేదు.

అలాగని స్టేటస్ అంతా భ్రమ అని నేను చెబితే అది అబద్ధమవుతుంది. నా అనుభవంలో దాని అసలు విలువ లాంజ్‌లోనూ సీటులోనూ కాక, విమానాలు ఆగిపోయిన రోజున తెలుస్తుంది. ఒక జనవరిలో చికాగో ఓహేర్‌లో మధ్యాహ్నం నుంచి మంచు కురిసి, సాయంత్రానికి బోర్డు మీద సగానికి పైగా విమానాలు రద్దయ్యాయి. సహాయ కౌంటరు ముందు వరుస మలుపు తిరిగి తరువాతి గేటు దాకా పోయింది. నేను ఆ వరుసలోంచి బయటికొచ్చి కిటికీ పక్కన నేల మీద కూర్చుని, పై స్థాయి సభ్యులకు ఉండే ఫోన్ నంబరుకు చేస్తే రెండు నిమిషాలలో మనిషి పలికారు. రన్‌వే తెరిచే అవకాశం ఉన్న సమయానికి డెన్వర్ మీదుగా మిగిలిన ఒక సీటులో నన్ను వేశారు. అర్ధరాత్రి దాటాక నేను విమానం ఎక్కుతుంటే, ఆ వరుసలో నా ముందున్న మనిషి ఇంకా కౌంటరుకు చేరుకోలేదు. అలాంటి రోజు ఏడాదికి రెండు మూడుసార్లు ఎదురయ్యే మనిషికి స్టేటస్ విలువ డాలర్లలో చెప్పలేం. కానీ అది వారం వారం తిరిగేవారికి, పైగా ఎక్కువగా పై రెండు స్థాయులలో ఉన్నవారికి వర్తించే మాట. మీ పన్నెండు ఫ్లైట్లలో అలాంటి రోజు ఒకటి రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా సిల్వర్‌కూ గోల్డ్‌కూ ఆ రోజున ఉండే తేడా కొద్దిపాటిదే.

ఏడాది చివర ఇలా తిరిగి రావడం తెలివైన పని అన్న అభిప్రాయం మీకు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. పాతకాలంలో అది నిజంగానే తెలివైన పని. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే నెలలో తన అడ్వాంటేజ్ పథకాన్ని, ఆ వెంటనే యునైటెడ్ తన మైలేజ్ ప్లస్‌ను మొదలుపెట్టినప్పటి నుంచి మూడు దశాబ్దాలకు పైగా లెక్క దూరం మీద నడిచింది. ఎంత తక్కువ ధరకు ఎంత ఎక్కువ దూరం తిరిగితే అంత లాభం. రెండు వందల డాలర్ల టికెట్టుతో ఐదు వేల మైళ్లు కూడబెట్టినవారు నాకు తెలుసు. ఆ రోజులు పోయాయి. యునైటెడ్ 2020 నుంచి స్టేటస్‌కు దూరాన్ని వదిలేసి ఖర్చుతో కూడిన పాయింట్ల పద్ధతికి వచ్చింది: యునైటెడ్ టికెట్టు మీద పన్నులు తీసేసిన ధరలో డాలరుకు ఒక పాయింటు. అమెరికన్ 2022లో తన పద్ధతిని మార్చింది, డెల్టా 2024 నుంచి ఖర్చు ఒక్కదాన్నే కొలమానం చేసుకుంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2025 ఏప్రిల్ నుంచి పౌండుకు ఒక టియర్ పాయింటు (స్థాయిని నిర్ణయించే పాయింటు) చొప్పున లెక్కిస్తూ సిల్వర్‌కు 7,500, గోల్డ్‌కు 20,000 పాయింట్లు అడుగుతోంది. లండన్‌లో ఉంటూ ఏడాదికోసారి ఎకానమీలో హైదరాబాద్ వచ్చి వెళ్లేవారికి ఆ సిల్వర్ ఇక ఆలోచించదగిన విషయమే కాదు. ధరే కొలమానమైన చోట చవకగా స్టేటస్ సంపాదించే ఉపాయం ఉండదు. మీ లాస్ ఏంజెలెస్ టికెట్టు ఎకానమీ నుంచి ఫస్ట్ క్లాసుకు మారవలసి వచ్చింది కూడా అందుకే.

ఇంకో సంగతి. స్టేటస్ మన ఆస్తి కాదు, ఆ సంస్థ తన ఇష్టం మేరకు ఇచ్చే మన్నన. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఎగరడం మానేసిన మరునాటి నుంచి అందులో ప్లాటినం కార్డు ఉన్నవారికీ మామూలు ప్రయాణికుడికీ తేడా లేకుండా పోయింది. విస్తారా 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో విలీనమై సభ్యులందరూ మరో పథకంలోకి మారారు. వారి విషయంలో స్టార్ అలయన్స్‌లోకి ప్రవేశం దొరికింది కాబట్టి కొందరికి అది మేలే అయింది. డెల్టా 2023 సెప్టెంబరులో నిబంధనలను ఒక్కసారిగా బిగించి, సభ్యులు తీవ్రంగా నిరసించాక అక్టోబరులో కొన్నింటిని సడలించింది. ఈ రంగంలో రెండేళ్లు ముందుకు చూసి పెట్టుబడి పెట్టడం ఎవరికీ మంచిది కాదని నా అభిప్రాయం.

మరి ఎవరు ప్రయత్నించాలి అంటే, రాబోయే ఏడాది కనీసం పాతిక ముప్పై ఫ్లైట్లు వేరొకరి ఖర్చు మీద ఖాయంగా ఉన్నవారు, అదీ తమ ఊరి నుంచి ఎక్కువ విమానాలు నడిపే సంస్థలో. అలాంటివారికి స్టేటస్ అదనపు ఖర్చు లేకుండా దానంతటదే వస్తుంది, వచ్చింది ప్రతి వారం పనికొస్తుంది. ఇంకొక వర్గం గురించి తక్కువమంది మాట్లాడతారు: ఊళ్లో తల్లిదండ్రుల ఆరోగ్యం బాగోలేక ఏడాదిలో మూడు నాలుగుసార్లు ఒంటరిగా, చాలాసార్లు ఒక్క రోజు వ్యవధిలో టికెట్టు కొనుక్కుని పరుగెత్తవలసి వచ్చేవారు. నిండిపోయిన విమానంలో వెయిటింగ్ లిస్టులో ముందుండడం, అలసిపోయిన శరీరంతో నాలుగు గంటలు కూర్చోవడానికి ఒక ప్రశాంతమైన చోటు, మందులూ సామాన్లూ పట్టే ఇంకో పెట్టె వారికి విలాసాలు కావు. అలాంటివారు ఒక కూటమిని ఎంచుకుని ప్రయాణాలన్నీ ఒకే ఖాతాలో జమ చేసుకోవాలని గట్టిగా చెబుతాను.

ఈ సందర్భంలోనే, మీ స్టేటస్ ఉంటే జూలైలో మీతో తిరిగొచ్చే అమ్మానాన్నలకు కూడా సౌకర్యంగా ఉంటుందని రాసిన మాట గురించి. వారు మీతో కలిసి ఉన్న ఆ ఒక్క ప్రయాణంలో కొంత ఉండవచ్చు, అది కూడా ఒక్కరికి మించి వర్తించదు. తరువాత వారు ఒంటరిగా తిరిగి వెళ్లేటప్పుడు మీ కార్డు వారికి ఏ విధంగానూ పనికిరాదు. పెద్దవాళ్లకు నిజంగా కావలసింది వీల్‌చెయిర్ సహాయం. దానికి ఏ స్టేటస్సూ అక్కర్లేదు, డబ్బూ కట్టనక్కర్లేదు. టికెట్టు కొన్న రోజే సంస్థకు చెప్పి నమోదు చేయించండి, ప్రయాణానికి రెండు రోజుల ముందు మళ్లీ ఒకసారి సరిచూసుకోండి.

మీరు గల్ఫ్ మీదుగానే వెళ్తే ఆ సంస్థలలో స్టేటస్ కోసం ప్రయత్నించవచ్చా అని కూడా అడిగారు. ఏడాదికి ఒక్క కుటుంబ ప్రయాణంతో ఆ ఆలోచన పెట్టుకోకండి. ఎమిరేట్స్‌లో సిల్వర్‌కు 25,000 టియర్ మైళ్లు, గోల్డ్‌కు 50,000 కావాలి. దుబాయ్‌లో ఉద్యోగం చేస్తూ తరచుగా హైదరాబాద్ వచ్చి వెళ్లేవారి సంగతి వేరు, కిలోల లెక్కన లగేజీ ఇచ్చే ఆ మార్గంలో సిల్వర్ మీద 12 కిలోలు ఎక్కువ తెచ్చుకోవచ్చు కాబట్టి వారికి అది చూడదగినదే. రేపు మీరు హైదరాబాద్‌కే మారిపోతే ఎయిర్ ఇండియా మహారాజా క్లబ్‌లో గోల్డ్, ప్లాటినం స్థాయులకు కూడా స్టార్ గోల్డ్ గుర్తింపు ఉందన్నది మనసులో పెట్టుకోండి.

ఇక నేను మొదట్లో చెప్పిన మినహాయింపు. ప్రాజెక్టు మార్చిలో ముగియకుండా ఏడాది పొడవునా సాగుతుందని రాతపూర్వకంగా తెలిస్తే లెక్క తిరగబడుతుంది. అప్పుడు మీకు ముందున్నవి పన్నెండు కాదు, నలభైకి పైగా ఫ్లైట్లు. ఒక్క సీటు తేడాయే వెయ్యి డాలర్ల దగ్గరకు వస్తుంది. మేనేజరు నోటిమాటగా చెప్పే "బహుశా పొడిగిస్తారు" అన్నది దీనికి సరిపోదు, నా ఫిబ్రవరి అనుభవం వల్ల ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

అది తేలేలోపు సొంత డబ్బు పెద్దగా పెట్టకుండా చేయగలిగిన పనులు రెండున్నాయి. జనవరి మొదటి వారంలో న్యూవార్క్‌లో మీకు ఎలాగూ ఒక సమావేశం ఉంది. దాన్ని డిసెంబరు మూడో వారంలో జరుపుకోవడానికి క్లయింటుకూ మేనేజరుకూ అభ్యంతరం లేకపోతే ఆ ఒక్క మార్పుతో తక్కువపడిన రెండు ఫ్లైట్లూ, సుమారు 650 పాయింట్లూ వచ్చేస్తాయి, ఎందుకంటే ప్రయాణం జరిగిన తేదీనే లెక్కలోకి తీసుకుంటారు తప్ప టికెట్టు కొన్న తేదీని కాదు. మిగిలిన 250 పాయింట్లలో చాలా భాగం డిసెంబరు ప్రయాణాలలో ఎకానమీ ప్లస్ సీట్లను ముందుగా డబ్బు కట్టి తీసుకుంటే వస్తుంది, ఆ ఖర్చుకు కూడా పాయింట్లు ఇస్తారు. యునైటెడ్ క్రెడిట్ కార్డు ఉంటే కొన్ని కార్డుల మీద ఇరవై డాలర్ల ఖర్చుకు ఒక పాయింటు వస్తుంది. కేవలం పాయింట్ల కోసం కొత్త ఖర్చులు పెట్టుకోకుండా మామూలు ఇంటి ఖర్చులను దాని మీదకు మళ్లిస్తే చిన్న లోటు పూడుతుంది. అయితే ఆఫీసు టికెట్టును కావాలని ఎక్కువ ధరకు కొనడం మాత్రం చేయవద్దు. నాతో పనిచేసిన ఒకరు ఆ పని చేసి, ఖర్చుల తనిఖీలో దొరికి, స్టేటస్ కన్నా ఎంతో విలువైన నమ్మకాన్ని పోగొట్టుకున్నారు.

మేనేజరును ఈ వారంలోనే అడగండి, థ్యాంక్స్‌గివింగ్ దాటితే డిసెంబరు క్యాలెండర్లు నిండిపోతాయి. ఆ సమావేశం ముందుకు జరగకపోతే గోల్డ్ ఆలోచన వదిలేసి, జూన్‌లో నలుగురికీ గల్ఫ్ మీదుగా తక్కువ ధర టికెట్లు కొనండి. మిగిలే వెయ్యి డాలర్లలో కొంత పెట్టి, ఆ సుదీర్ఘ ప్రయాణంలో పిల్లల పక్కనే మీ ఇద్దరికీ సీట్లు ఉండేలా నాలుగు సీట్లూ ముందే ఎంచుకోండి.